కొండకిచ్చిన జడ

మూడు కత్తెరలు చాలన్నాడు మా ఆయన. ఆడవాళ్ళు కొండకు పోయినప్పుడు జడ కొసన మూడుసార్లు కత్తెర వేయించుకుంటే స్వామికి తల ఇచ్చినట్టే లెక్క. మా సత్యవేడులో ఆడవాళ్ళంతా చేసేది అదే. నేను ఒప్పుకోలేదు. బుడ్డమ్మ జ్వరంతో కళ్ళు తేలేసిన నాడు చిత్తూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను మొక్కుకున్నది కొసలు కాదు. దాన్ని నాకు మిగిల్చితే దాని జుట్టూ నా జుట్టూ మొత్తం నీకే సామీ అన్నాను. బిడ్డ లేచి కూర్చుంది. ఇప్పుడు పోయి చిటికెడు కొసలు చేతిలో పెట్టి రావడానికి నాకేమైనా సిగ్గు లేదా?

"నీ తల, నీ ఇష్టం. తర్వాత అద్దం సూసుకోని ఏడిస్తే నన్ననొద్దు" అన్నాడు మా ఆయన.

అద్దం చూసుకుని నేనేమీ ఏడవలేదు. ఏడ్చింది వేరే దానికి.

బుడ్డమ్మ అంటే మా కూతురు, మూడేళ్ళది. అసలు పేరు అలివేలు. అది మా అత్త పేరు. "ఒసే అలివేలూ, ఇట్రావే" అని నేను గొంతెత్తి అరిస్తే ఆ ఇంట్లో నన్ను బతకనిస్తారా? అందుకని పుట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. దానికి కూడా తన పేరు అలివేలని తెలియదు. దానికి పైన మునికృష్ణ, రెండో తరగతి చదువుతున్నాడు. మా ఆయన బస్టాండు పక్కన సైకిల్ షాపు పెట్టుకున్నాడు. పంక్చర్లు వేసుకునే మనిషికి పిల్లల్ని ఊరు దాటించి ఒక వేడుక చూపించే తీరిక ఎప్పుడు దొరకాలి? కొండకు పోయి మొక్కు తీర్చుకుని, కిందికి దిగి తిరుపతిలో ఎగ్జిబిషన్ చూసి రావాలని ఆ ఏడు ఉగాది నుంచి అనుకుంటున్నాం. ఎగ్జిబిషన్‌ని మా అత్త అరవంలో పొరుట్కాచ్చి అనేది. ఆ మాట వింటే చాలు, మునికృష్ణ అన్నం తినడం కూడా మరిచిపోయేవాడు.

బుడ్డమ్మకు ఒక అలవాటు ఉండేది. నా జడ దాని సొత్తు. పాలు మానిపించినప్పటి నుంచి జడ కొస పట్టుకుని ముక్కు కింద రాసుకుంటే గానీ దానికి నిద్ర రాదు. నేను పొయ్యి ముందు కూర్చున్నా, చేటలో చెనిక్కాయలు పోసుకుని ఒలుస్తున్నా, వెనక నుంచి వచ్చి చతికిలబడి జడ అందుకునేది. తల వెనక్కి కొంచెం బరువు పడిందంటే బుడ్డమ్మ వచ్చిందన్నమాట. తిరిగి చూసే పని కూడా నాకు ఉండేది కాదు.

"అదేమన్నా పలుపు తాడా, వొదల్దే" అని మా ఆయన నవ్వేవాడు.

కల్యాణకట్టలో ముందు పిల్లలిద్దరికీ గుండ్లు అయినాయి, తర్వాత ఆయనకు. మీసం కూడా ఇచ్చేశాడు మహానుభావుడు. చివరికి నేను కూర్చున్నాను. మంగలి నా జుట్టు రెండు ముడులు వేసి, నీళ్ళతో తడిపి కత్తి పెట్టాడు. ముడి తెగి తడి బండ మీద పడింది. మా ఆయన చంకలో ఉన్న బుడ్డమ్మ అది చూసింది.

"అమ్మ జడ" అంది. "అమ్మ జడ, అమ్మ జడ" అని అటు చెయ్యి చూపిస్తూ ఏడుపు మొదలుపెట్టింది.

నేను లేచి చేతులు చాపితే రాలేదు. వాళ్ళ నాయన భుజంలో ముఖం దాచుకోబోయి, తల ఎత్తి ఆయన్నీ చూసింది. ఆయనకు జుట్టు లేదు, మీసం లేదు. ఇద్దరిలో ఎవరి దగ్గరకు పోవాలో తెలియక అది పెట్టిన కేకలకు చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. పసిబిడ్డలు గుండ్లు చూసి బెదరడం మామూలే కదా అనుకున్నాను.

కోనేట్లో ముంచేటప్పుడు అది పెనుగులాడి కొత్త పూల గౌను మొత్తం తడిపేసింది. మా ఆయన అప్పటికి లడ్ల వరసలోకి పోయినాడు. నేను మునికృష్ణ పాత నీలం చొక్కా, నిక్కరు దానికి తొడిగి, గౌను పిండి సంచిలో పెట్టాను. గుండుకు గంధం పూశాను. అన్నా చెల్లెలూ పక్కపక్కన నిలబడితే ఇద్దరు మగపిల్లల్లాగే ఉన్నారు.

కొండ దిగే బస్సులో అది నిద్రపోలేదు. కళ్ళు మూసుకుపోతున్నా చెయ్యి మాత్రం నా వీపు మీద వెతుకుతూనే ఉంది. మెడ వెనక తడిమి, ఏమీ దొరక్క చెయ్యి వెనక్కి తీసుకునేది. నా ముఖం కేసి చూసేది కాదు. ఇంటికి పోతే సర్దుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎగ్జిబిషన్ మైదానం దగ్గర దిగేటప్పటికి ఎండ చల్లబడింది. లోపల ఎటు చూసినా జనమే. సగం మంది మాలాగే కొండ దిగి వచ్చినవాళ్ళు. మైకుల్లో పాటలు, అప్పడాలు కాల్చే పొగ, మోటారు సైకిల్ చెక్క గోడల మీద గుండ్రంగా తిరిగే బావిలోంచి చెవులు పగిలే రొద. మునికృష్ణ నిలవడం లేదు. బొమ్మ రైలెక్కినాడు, పీచు మిఠాయి తిన్నాడు, అద్దాల గదిలో లావుగా సన్నగా కనబడి పడీ పడీ నవ్వినాడు. బుడ్డమ్మ అద్దంలో నన్ను చూసి నా కొంగు వదిలేసి గోడ వైపు తిరిగి నిలబడింది. దాన్ని బయటికి తెచ్చి నా చిటికెన వేలు పట్టించాను.

తర్వాత రంకుల రాట్నం. అదీ కరెంటుతో తిరిగేది, తాటిచెట్టంత ఎత్తు. మా ఆయన, మునికృష్ణ ఎక్కారు. నేనూ బుడ్డమ్మా కింద నిలబడ్డాం. రాట్నం తిరిగి తిరిగి, మా వాళ్ళ తొట్టి సరిగ్గా పైకి పోయినప్పుడు ఆగింది. కింద కొత్తవాళ్ళను ఎక్కిస్తున్నారు. పైనుంచి మునికృష్ణ బెదిరిపోయి "అమ్మా" అని అరిచాడు.

"కమ్మీ గట్టిగా పట్టుకోరా. నాయన ఉండాడు గదా, ఏం గాదు" అని చెయ్యెత్తి ఊపుతూ అరిచాను.

రాట్నం మళ్ళీ కదిలింది. తల దించి చూసుకుంటే నా వేలు పట్టుకుని ఎవరూ లేరు.

ముందు నాకు భయం వెయ్యలేదు. నా కుచ్చిళ్ళ వెనక ఉంటుందనుకున్నాను. అటూ ఇటూ తిరిగి చూశాను. టికెట్లు ఇచ్చే బల్ల కింద చూశాను. అప్పడాలమ్మే ఆమెను అడిగాను. ఆమె చూడలేదంది. బుడ్డమ్మా, బుడ్డమ్మా అని అరవడం మొదలుపెట్టాను. పక్కన రాట్నం రొద, పైన మైకు పాట. నా అరుపు నాకే వినబడలేదు.

మా ఆయన కిందికి దిగి వచ్చి, "బిడ్డేదీ?" అన్నాడు.

"ఈడనే ఉండె. ఇప్పుడే ఉండె."

"ఇప్పుడే ఉంటే యాడికి పోతాదిమే?"

"నన్నడిగితే? నువ్వు గాల్లో ఊగతా ఉంటివి గదా, పైనుంచి ఊరంతా కనపడింటాదే, నువ్వు సూళ్ళేదా?"

అనకూడని మాటే. ఆయన ముఖం మాడిపోయింది. మీసం లేని ఆ ముఖంలో భయం అంతా పైకే కనబడుతోంది. మునికృష్ణను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు.

"నువ్వు ఈ రాట్నం కాడనే ఉండు. అది తిరిగొస్తే ఈడికే వస్తాది. నేను మైకు కాడ చెప్పించి, గేటు బయట, బస్టాండు కాడ సూసొస్తా" అని జనంలో పడి పోయాడు.

నేను అక్కడే నిలబడ్డాను. చిన్న గుండు కనబడితే చాలు, ప్రాణం లేచి వచ్చేది. దగ్గరకు వచ్చేసరికి ఎవరి బిడ్డో అయ్యేది. ఎన్ని గుండ్లు, సామీ, ఎన్ని గుండ్లు. అన్నిటికీ గంధం పూతే. నా బిడ్డకు గుర్తు చెప్పమంటే నేనేం చెప్పాలి? టీ అమ్మే మనిషి దగ్గరకు పోయి, "గుండు చేయించిన పిలకాయ ఒంటిగా పోతా కనపడిందా అన్నా?" అని అడిగాను.

"ఏందమ్మా నువ్వు. ఈడుండేదంతా గుండ్లే. యే గుండని చెప్పేది?" అన్నాడు. ఎగతాళి ఏమీ చేయలేదు, ఉన్నమాటే అన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

పిల్లల్ని ఎత్తుకుపోయి, కళ్ళు పొడిచి రైళ్ళలో అడుక్కోవడానికి తిప్పుతారని మా ఊళ్ళో చెప్పుకునేవారు. రేణిగుంట ఎంత దూరం ఇక్కడికి? ఒక బస్సు ఎక్కితే చాలు, అక్కడి నుంచి మద్రాసు రైలు, బొంబాయి రైలు, ఏదంటే అది. నా బుడ్డమ్మ ఏ రైలు పెట్టెలోనో నిలబడి అమ్మా అని ఏడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. కొండ వైపు తిరిగాను. చీకటి పడుతోంది, కొండ మీద దీపాలు వెలుగుతున్నాయి. "జుట్టు నీకంటి, బిడ్డ నాకంటి. రెండూ నువ్వే తీసుకుంటే ఎట్ల సామీ?" అని పైకే అన్నాను. పక్కన నిలబడిన వాళ్ళు నన్ను వింతగా చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

అప్పుడు మైకులో పాట ఆగింది.

"ప్రజలకు మనవి. అలివేలు అనే మూడు సంవత్సరాల ఆడపిల్ల తప్పిపోయినది. పూల గౌను ధరించి ఉన్నది. చూసినవారు దయచేసి విచారణ పందిట్లో అప్పగించగలరు."

పూల గౌను! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూల గౌను నా సంచిలో తడిసి ముద్దయి ఉంది. ఆయన కొండ మీద లడ్ల వరసలో ఉన్నప్పుడు బట్టలు మార్చానా, ఆ తర్వాత పొద్దంతా బిడ్డ పక్కనే తిరిగాడా, దాని ఒంటి మీద ఏముందో ఒక్కసారి చూసినాడా ఈ మనిషి? పైగా అలివేలట. ఆ పేరు పెట్టి వెయ్యిమంది పిలిచినా అది పలకదు. ఇప్పుడు జనమంతా గౌను వేసుకున్న పిల్ల కోసం వెతుకుతారు. చొక్కా నిక్కరు వేసుకున్న నా బిడ్డ వాళ్ళ కాళ్ళ ముందు నుంచే పోతుంది.

రాట్నం దగ్గరే ఉండమన్న మాట పక్కన పెట్టి మైకు పందిరి వెతుక్కుంటూ పరుగెత్తాను. బావి దాటాక బెలూన్లు కాల్చే అంగడి ముందు నీలం చొక్కా, చిన్న గుండు వెనక నుంచి కనబడింది. నా బుడ్డమ్మే. చొక్కా అదే, ఎత్తు అంతే. ఒక్క దూకున పోయి చంకకెత్తుకున్నాను. బిడ్డ కెవ్వుమంది. ముఖం చూస్తే ఎవరి కొడుకో.

"వొదల్వే నా బిడ్డని" అంటూ వాడి తల్లి నా సంచి పట్టి లాగింది. "పిలకాయల్ని ఎత్తకపోయేదాని మాదిరుండాది, పట్టుకోండి."

నలుగురు మూగారు. నేను చెప్పబోయాను. అరిచి అరిచి నా గొంతు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. నోరు తెరిస్తే గాలి, దానెంబడి ఒక కీచు శబ్దం వచ్చింది. గుండు, మొహమంతా చెమటకు కరిగి కారిన గంధం, ఎర్రటి కళ్ళు, ఆ గొంతు. ఆ తల్లి స్థానంలో నేనున్నా నన్ను నమ్మేదాన్ని కాదు. ఒక ముసలాయన అడ్డం వచ్చి, "ఇడిసిపెట్టండప్పా. పాపం, ఆమె బిడ్డే యాడో తప్పిపోయినట్టుండాది" అన్నాడు. బిడ్డను దించి, చేతులు విడిపించుకుని పరుగెత్తాను. సంచి అక్కడే పోయింది. గౌను కూడా దాంతోనే పోయింది.

ఆ జనంలో ఎటు పోతున్నానో నాకు తెలియలేదు. మైకు మాట అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి పందిరి ఏ మూలనుందో దొరకదు. అడిగితే ఒకరు అటు చూపించారు, ఒకరు ఇటు. అంతలో మళ్ళీ పాట ఆగింది.

"ప్రజలకు మనవి. సుమారు మూడు సంవత్సరాల మగబిడ్డ దొరికినాడు. గుండు, గంధం. పేరు చెప్పలేకపోతున్నాడు. తల్లికి పొడవాటి జడ ఉందని మాత్రం చెబుతున్నాడు. ఆ తల్లి ఎక్కడున్నా వెంటనే రావలెను."

నేను నిలబడి విన్నాను. ఎవరి అదృష్టమో అనుకున్నాను. ఆ జడామె ఎవరో తాపీగా వచ్చి కొడుకును ఎత్తుకుని పోతుంది. ఆమె కొండకు జడ ఇవ్వలేదు, కొసలిచ్చి సరిపెట్టుకుంది, అందుకే ఆమె బిడ్డ దొరికింది. నాకు ముక్కూ మొహం తెలియని ఆ ఆడమనిషి మీద అసూయతో కడుపు రగిలిపోయింది. మోటారు సైకిల్ బావి చెక్కలకు ఆనుకుని కూలబడ్డాను. లోపల మోటారు సైకిల్ తిరుగుతుంటే చెక్కలు అదిరి నా వీపు అదిరింది. ఇక లేవలేననుకున్నాను. బిడ్డ లేకుండా సత్యవేడు బస్సు ఎట్లా ఎక్కేది? ఎక్కను. ఈ మైదానంలోనే ఉండిపోతాను. షాపులన్నీ పీకేసి పోయినా ఇక్కడే తిరుగుతాను.

మూడోసారి మైకు పలికింది. ఈసారి ఆ మనిషికి ఓపిక పోయినట్టుంది, పుస్తకాల భాష వదిలేసినాడు.

"ఏమ్మా జడేసుకున్న తల్లీ, యాడుండావు? నీ కొడుకు ఈడ ఇంకొకామె జడ పట్టుకోని వొదలకుండా ఉండాడు. ముక్కు కింద పెట్టుకోని రాసుకుంటా ఉండాడు. ఆమె ఊరికి పోవల్లంట. బిర్నా రా తల్లీ."

ముక్కు కింద.

నేనెట్లా లేచానో, ఎవరిని తోసుకుంటూ పోయానో గుర్తులేదు. ఆ జడ తల్లిని నేనే. పొద్దున్నదాకా నేనే.

పందిరి గేటు పక్కనే ఉంది. బల్ల మీద మైకు, దాని వెనక కండువా వేసుకున్న పెద్దమనిషి. పక్కన బెంచీ మీద ఒక ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. నడుము దాటిన జడ, జడలో కనకాంబరాలు. వెనక బెంచీ ఎక్కి నిలబడి, ఆ జడ కొస రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని నా బుడ్డమ్మ.

"బుడ్డమ్మా" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఏ మనిషి గొంతూ కాదు.

అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. చూసి, గట్టిగా కేక పెట్టి, ఆ జడ పట్టుకుని ఆమె వీపుకు అతుక్కుపోయింది. నేను దగ్గరకు పోయేకొద్దీ కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చింది.

"ఉండమ్మా, ఉండు" అని ఆమె నాకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవురు నువ్వు?"

"నా బిడ్డక్కా. నా కూతురు."

"కూతురా?" మైకు పెద్దమనిషి లేచి వచ్చాడు. గోవిందయ్య ఆయన పేరు, పక్కనున్న కానిస్టేబులు అట్లాగే పిలుస్తున్నాడు. "ఇది మగబిడ్డ గదమ్మా."

"ఆడపిల్లే అన్నా. వాళ్ళన్న చొక్కా నిక్కరు తొడిగినా. కావాల్నంటే సూసుకో."

బెంచీ మీద ఆమె బిడ్డను కొంచెం పక్కకు తిప్పి చూసింది. "ఆడబిడ్డే గోవిందయ్యా" అంది. అని నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మాత్రం? ఆడబిడ్డని ఎవురన్నా కనిపెట్టి చెప్పొచ్చు. కన్నతల్లివైతే బిడ్డ నీ తావకి రావల్ల గదా. నిన్ను సూసి ఇట్ల బెదిరిపోతా ఉంటే ఎట్ల ఇచ్చేది?"

"నాకు జడ ఉండేదక్కా. పొద్దున కొండ మింద ఇచ్చేసినా. అది నన్ను గుర్తుపట్టలేదు. నా గొంతు గూడా పోయింది."

ఆమె కొంచెం మెత్తబడింది. అంతలో పందిరి బయటి నుంచి ఎవరో, "ఈమేనబ్బా, ఇందాక బెలూన్ల కాడ ఎవురి బిడ్డనో ఎత్తుకున్నింది" అన్నారు. ఆమె ముఖం మళ్ళీ గట్టిపడింది.

"మీ ఆయన పేరేంది?" అని అడిగాడు గోవిందయ్య.

పెళ్ళయిన నాటి నుంచి నేను ఆ పేరు నోటితో పలకలేదు. "మునిరత్నం" అని చెప్పేశాను. "సత్యవేడు మునిరత్నం. పూల గౌనని నీకు తప్పు చెప్పిపోయింది ఆయనే. బస్టాండు కాడికి పోయినాడు, వస్తాడు."

"ఆయనొచ్చినాక సూస్తాం. నువ్వు అంత దూరంలో కూసో. శకుంతలమ్మా, నువ్వు పో తల్లీ, చిత్తూరు బస్సు పోతాది. బిడ్డని కానిస్టేబులు స్టేషనుకు తీసకపోతాడు. వీళ్ళేమన్నా తేల్చుకునేది ఉంటే ఆడ తేల్చుకుంటారు."

నా బిడ్డ పోలీస్ స్టేషనుకు. ఆయన వచ్చినా ఏం ప్రయోజనం? గుండు, మీసం లేని ముఖం, ఆయన్ను చూసి కూడా అది ఇట్లాగే ఏడుస్తుంది. ఇద్దరం కలిసి వచ్చామంటే ఇద్దరూ దొంగలే అంటారు.

శకుంతలమ్మ లేవబోయింది. బుడ్డమ్మ జడ వదల్లేదు. కానిస్టేబులు దాని వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోతే అది ఊపిరి బిగపట్టి ఏడ్చింది. నాకు ఇక చూడబుద్ధి కాలేదు. కళ్ళు తిప్పుకుంటే గోవిందయ్య బల్ల మీద కాగితంలో వేయించిన చెనిక్కాయలు కనబడ్డాయి, తొక్కలతోటి.

"అక్కా" అన్నాను. "నీకు దండం పెడతా. నీ జడ ముందరికేసుకోని, పైన కొంగు కప్పుకో. ఒక్క రవ్వసేపు. ఆ తర్వాత నన్నేమన్నా చేసుకోండి."

ఆమె నా వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, తాను కూడా బిడ్డలను కన్న మనిషే అయి ఉంటుంది. మెల్లగా జడ లాక్కుని ముందుకు వేసుకుని కొంగు కప్పుకుంది. బుడ్డమ్మ చేతులు ఖాళీ అయినాయి. బిడ్డ ఎక్కిళ్ళు పెడుతూ బెంచీ పట్టుకుని నిలబడింది.

నేను దాని వైపు వీపు పెట్టి నేల మీద చతికిలబడ్డాను. కొంగు తల మీదుగా వేసుకుని గుండు కప్పుకున్నాను. మిగిలిన కొంగును తాడులాగా గట్టిగా మెలితిప్పి, కొసన ముడి వేసి, వీపు మీదికి వదిలాను. గోవిందయ్య చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని ఒలవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఒలిచినట్టే. కాయ బొటనవేలితో నొక్కితే టప్పుమంటుంది, తొక్క పక్కన పడుతుంది. టప్పు, టప్పు. వెనక్కి తిరగలేదు. పిలవలేదు. పిలిస్తే ఆ పాడు గొంతు విని మళ్ళీ జడుసుకుంటుంది.

బయట రాట్నం తిరుగుతూనే ఉంది. కాయలు చేతిలోంచి జారిపోతున్నాయి. అయినా ఒలిచాను. ఎక్కిళ్ళు ఆగినట్టనిపించింది. బెంచీ మీంచి ఏదో కిందికి జారిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇది చివరి కాయ, ఇక అయిపోయింది అనుకున్నాను.

తల వెనక్కి కొంచెం బరువు పడింది.

నేను ఏడవకుండా పళ్ళు బిగపట్టాను. భుజాలు కదిలితే వదిలేస్తుందేమోనని భయం. వీపుకు ఆనుకుని చిన్న ఒళ్ళు కూర్చుంది. ముక్కుతో గాలి పీల్చడం వినబడుతోంది. కొంగు కొస ముక్కు కింద పెట్టుకుని రాసుకుంటోంది.

"ఆమె బిడ్డే గోవిందయ్యా" అంది శకుంతలమ్మ. కానిస్టేబులు మెల్లగా బయటికి నడిచాడు.

అప్పుడే మా ఆయన మునికృష్ణతో పందిట్లోకి వచ్చాడు. బిడ్డను చూసి ముందుకు దూకబోయాడు. నేను కళ్ళతో వద్దన్నాను. అర్థం చేసుకున్నాడు. అక్కడే రెండు చేతులతో గుండు పట్టుకుని కూర్చుండిపోయాడు.

కాసేపటికి మెల్లగా లేచాను. బుడ్డమ్మ కూడా లేచింది. నేను ముందు, కొంగు పట్టుకుని అది వెనక. దాని వెనక వాళ్ళ నాయన, మునికృష్ణ. బస్టాండు దాకా అట్లాగే నడిచాం. ముందు నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకుని ఉంటారు. నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ బరువు తగ్గితే ఆగుతున్నాను, పడితే నడుస్తున్నాను. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ ఎట్లా తిరిగేది? ఏ ముఖం చూపించేది?

బస్టాండు వాకిట్లో అది మొదటిసారి నోరు విప్పింది. నిద్ర మాట.

"అమ్మా."

ఊ అన్నాను.

"ఆ గుండామె పొయ్యిందా?"

రోడ్డు దీపం వైపు చూస్తూ నిలబడ్డాను. తల మీద కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కున్నాను.

"పొయ్యింది తల్లీ" అన్నాను.